దొరికిన గొర్రెకు సెట్టింగుల ఫారం

బ్రహ్మ నుదుటి రాత రాసేటప్పుడు ఏదైనా గడి ఖాళీగా వదిలితే అందులో ఏం పడుతుంది? గొర్రెల కాపరి ఐలేశాన్ని ఏళ్ల తరబడి వెంటాడిన సందేహం ఇది. లోకంలో జవాబు లేని ప్రశ్న ఉండవచ్చు గానీ, ఫారం లేని ప్రశ్న మాత్రం ఉండదని అతనికి గొర్రెలు, మేకల కాపరుల జీవాల సంఘం ఆఫీసులో తెలిసింది.

రెండేళ్ల కింద అమ్రాబాద్ అడవి అంచున మేపుతుంటే ఒక పరాయి గొర్రె అతని మందలో కలిసింది. పరాయి సొమ్ము ఇంట్లో ఉందని అప్పటినుంచి దేవుడి ముందు దీపం పెట్టాలన్నా అతనికి చెయ్యాడలేదు. సొంతదారుకు కబురు అందాలంటే సంఘం వెబ్‌సైటులో ‘దొరికిన జీవాలు’ అనే విభాగంలో, అంటే ఆఫీసు భాషలో మాడ్యూల్‌లో ప్రకటన పడాలి. మాడ్యూల్ తయారుగానే ఉంది. దాని సెట్టింగుల ఫారమే తయారు కావాలి.

ఆ ఫారం చేసే అమ్మాయి స్వర్ణ.

“రెండు గడులు చాలు సార్. ప్రకటన ఎన్ని రోజులుండాలె, ఫోన్ ఎవలకు పోవాలె. పొద్దుమీకేసరికి అయిపోతది.”

సెట్టింగుల అదనపు పర్యవేక్షకుడు పరమేష్ (అసలు పర్యవేక్షకుడి పోస్టు ఇంకా మంజూరు కాలేదు) నొచ్చుకున్నాడు. “గంత అల్కగ అయితే మనమెందుకమ్మా?”

రోజుల గడి పక్కన, దాన్ని మార్చే అధికారి ఎవరో చెప్పే గడి చేరింది. ఆ అధికారిని మార్చే అధికారికి ఇంకో గడి. ‘ఈ ఫారం కనిపించాలా?’ అన్నది ముప్పై ఏడో గడి. అది పనిచేస్తుందో లేదో చూద్దామని పరమేష్ అందులో టిక్కు తీసేశాడు. పనిచేసింది. ఫారం మాయమైంది. టిక్కు మళ్లీ పెట్టాల్సిన గడి కూడా దానితోపాటే పోయింది. వెనక్కి తెచ్చేందుకు అనుమతి రావడానికి ఐదు నెలలు పట్టింది. (ఆలోపు గొర్రె ఈనింది. కవలలు.)

ఐలేశం ప్రతి సోమవారం వచ్చి కూర్చునేవాడు. జీవాలు దొరికినవారికి సోమవారం, పోగొట్టుకున్నవారికి మంగళవారం అని నియమం. రెండు వర్గాలు ఎదురుపడితే గొడవలవుతాయని ముందుజాగ్రత్త.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాడు. “బిడ్డా, గడి ఖాళీగ ఇడిస్తే ఏమైతది?”

“ముందుగాల మనం రాసిపెట్టిందే పడతది పెద్దయ్యా.”

“గట్లనా! మరి ముందుగాల రాసినోడే తప్పు రాస్తే?”

స్వర్ణ ఒకసారి పరమేష్ గది వైపు చూసి మాట మార్చింది. “నమూనాకు ఒక ప్రకటన కొట్టి చూద్దాం. నీ గొర్రె గుర్తులు చెప్పు.”

“ఎడమ చెవికి రెండు గాట్లు. మెడకు నల్లదారం.”

బెంచీ చివర కూర్చున్న ఆడమనిషి దిగ్గున లేచింది. ఆమె కొత్తకోట పుల్లమ్మ. మర్నాటి మంగళవారం సెలవు కావడంతో ఒకరోజు ముందే వచ్చింది.

“ఓ అన్నా, కుడి ముంగటి కాలుకు తెల్లమచ్చ ఉన్నదా?”

“ఉన్నది చెల్లె!”

“గా గొర్రె నాదే! రెండేండ్ల సంది మంగళారం మంగళారం గీ బెంచి మీదనే కూసుంటున్న.”

“నేను సోమారం సోమారం.”

మూడోనాడు ఆఫీసు ముందు ఐలేశం గొర్రెను, రెండు పిల్లలను పుల్లమ్మకు అప్పగించాడు. మేపినందుకు ఒక పిల్లను ఉంచుకొమ్మని ఆమె బతిమాలింది.

“వద్దు చెల్లె. నీ ఇంటిది నీకు చేరింది, నా ఇంట్ల దీపం పెట్టుకుంట.”

అలికిడికి పరమేష్ బయటికి వచ్చాడు. సంగతంతా విని, లోపలికి వెళ్లి నివేదికలో రాశాడు: ‘మాడ్యూల్ ద్వారా సొంతదారుకు చేరిన జీవాలు: మూడు.’

“సార్, మాడ్యూల్ ఇంకా ఆన్ చెయ్యనేలేదు” అంది స్వర్ణ.

“చూసినవా అమ్మా, ఆన్ చెయ్యకముందే గిట్ల పనిచేస్తాంది. ఇగ దాన్ని ముట్టకు.”