గౌరాయివాడి వర్షారణ్యం

మరాఠ్వాడాలోని ఇస్లాపూర్‌కు తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఒక టేకు గుట్టను మొన్న మార్చిలో వర్షారణ్య పార్కుగా ప్రకటించారు. అంతవరకూ తాను వర్షారణ్యమన్న సంగతి ఆ గుట్టకే తెలియదు. ఎండలు ముదిరితే ఆకులన్నీ రాల్చేసి బోసిగా నిలబడడం దానికి పాత అలవాటు. ఉత్తర్వు వెలువడ్డాక అడవి అలవాట్లను పట్టించుకోవడం పద్ధతి కాదు గనుక ఎవరూ పట్టించుకోలేదు.

వర్షారణ్యమన్నాక వర్షం ఉండాలి కదా అని గిట్టనివాళ్లు కొందరు గొణిగారు. పార్కు అధికారి వినాయక్‌రావు సాహెబుకు ముందుచూపు ఎక్కువ. కొమ్మకొమ్మకూ గొట్టాలు కట్టించి, రోజూ ఉదయం ఏడు నుంచి తొమ్మిది వరకు, ఆదివారాలు పదకొండు దాకా వాన కురిసే ఏర్పాటు చేశారు. నీళ్లెక్కడివంటారా? గుట్ట కింద గౌరాయివాడి అని నలభై గడపల వాడ ఒకటుంది. ఎండాకాలం దానికొక ట్యాంకరు వచ్చేది. అదిప్పుడు వాడలో ఆగకుండా కాస్త ముందుకెళ్లి గుట్ట మీద ఆగుతోంది. అంతకు మించి పెద్ద మార్పేమీ జరగలేదు.

పార్కుకు పక్షులను చూపించే గైడు కావాలని ప్రకటన వచ్చింది. పక్షులతో పదేళ్ల అనుభవం ఉండాలన్నారు. గౌరాయివాడి సంగన్నకు ముప్పై ఏళ్ల అనుభవం ఉంది. సెంటు భూమి లేని సంగన్న పరుల జొన్నచేలలో మంచె ఎక్కి, వడిసెల తిప్పుతూ, కేకలు వేస్తూ, పిట్టలను తోలి బతికిన కావలివాడు. అర్జీలో ఎన్నేళ్లని అడిగారు గానీ, ఆ ఏళ్లన్నీ పిట్టలను ఏం చేశావని అడగలేదు. ముప్పై అని చూసి ఆఫీసు ముచ్చటపడి, ఖాకీ చొక్కా, దుర్బిణి చేతికిచ్చింది.

సంగన్న ఆ కొలువుకు ఒప్పుకోవడానికి వేరే కారణం ఉంది. ట్యాంకరు మాటేమిటని అడిగితే వినాయక్‌రావు భుజం తట్టి, ముందు పావుణేలు, అదే మన అతిథులు, రానీ, వాళ్లు పక్షులను చూసి సంతోషించనీ, ఆపైన రెండో ట్యాంకరు మంజూరు చేయించే పూచీ నాదన్నారు. ఆనాటి నుంచి సంగన్నకు ఏ పిట్టను చూసినా దాని వెనక ఒక ట్యాంకరు కనబడేది.

ప్రారంభం రోజున ఏడుగురు అతిథులు వచ్చారు. నలభై రెండు డిగ్రీల ఎండలో రెయిన్‌కోట్లు తొడుక్కుని, గొట్టాల వానలో తడుస్తూ, ప్రకృతికి చేరువయ్యామని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. అంతలో రామచిలుకల గుంపొకటి వచ్చి మోదుగు కొమ్మ మీద వాలింది. అతిథులు ఊపిరి బిగబట్టారు. సంగన్న చెయ్యి మాత్రం ముప్పై ఏళ్ల పనిని అంత తొందరగా మరిచిపోయే చెయ్యి కాదు. గుట్ట దద్దరిల్లేలా "హో... హోయ్" అని కేకేసి, మట్టిగడ్డ అందుకుని విసిరాడు. కొమ్మ ఖాళీ అయ్యాక గానీ నాలుక కరుచుకోలేదు.

కొలువు పోయిందనే అనుకున్నాడు పాపం. వినాయక్‌రావు తొణకలేదు. "మహాశయులారా, కూర్చున్న పక్షిని కూర్చున్నట్టు చూడడంలో గొప్పేముంది? ఎగిరే పక్షుల ప్రత్యక్ష ప్రదర్శన, మరాఠ్వాడాలో ఇదే ప్రథమం" అన్నారు. అతిథులు చప్పట్లు కొట్టారు. మర్నాటి పేపర్లో ఫొటో కూడా పడింది.

పక్షులకు మాత్రం ఈ గౌరవం నచ్చినట్టు లేదు. మోటారు మోత ఒకపక్క, మైకులో స్వాగత గీతం ఒకపక్క, తలమీద డ్రోను. పదిహేను రోజుల్లో గుట్ట మీద కాకి కూడా మిగలలేదు. ఆ సమయంలోనే, పుణే నుంచి పక్షి ప్రేమికుల సంఘం ఆదివారం వస్తోందనీ, నలభై రకాలన్నా కనబడకపోతే పార్కు మూతపడుతుందనీ పైనుంచి కబురు వచ్చింది. పార్కు మూతపడితే రెండో ట్యాంకరు మాట కూడా మూతపడ్డట్టే. సంగన్నకు తిండి సయించలేదు.

అతని భార్య మైసవ్వకు ఈ గొడవేమీ అర్థం కాలేదు. ట్యాంకరు రావడం మానేసినప్పటి నుంచి ఆమె, వాడలోని ఆడవాళ్లు రెండు కిలోమీటర్లు నడిచి, ఎండిన వాగు ఇసుకలో చెలిమె తోడుకుని, ఊరిన నీళ్లను చిప్పతో ముంచుకుని వస్తున్నారు.

"పిట్టలు ఏడబోతయి? అన్ని మా చెల్మె కాడ్నే ఉన్నయి. నీకు కనవడకపోతే నన్నడగొద్దా?" అంది.

ఉండక ఏమవుతాయి? కావలివాళ్లకు ఒక ఆనవాయితీ ఉంది. పంటకాలమంతా పిట్టల నోటికాడి గింజ లాగేసిన పాపానికి, ఎండాకాలం వాటికి నీళ్లు పొయ్యాలి. మైసవ్వ తన బిందె ముంచుకునే ముందు, చెలిమె పక్కన చిన్న గుంటలో మొదటి చిప్పెడు నీళ్లు పోసేది. తనకు గొంతు తడవని రోజున కూడా ఆ చిప్ప మానలేదు.

ఆదివారం సంగన్న పుణే వాళ్లను నేరుగా వాగుకు నడిపించాడు. పాలపిట్ట, పికిలిపిట్ట, లకుముకి, వంగపండు పిట్ట, కౌజులు, గువ్వలు. పదకొండు గంటలకల్లా లెక్క యాభై దాటింది. సంఘం వారికి కళ్లు చెమర్చాయి. వినాయక్‌రావు అక్కడికక్కడే చెలిమెను పార్కులో కలిపేస్తున్నట్టు ప్రకటించి, జీవకోటికి నీరందించడమే నాగరికత అనే అంశం మీద అరగంట మాట్లాడారు.

ఆయన మాట తప్పే మనిషి కాదు. వారం తిరక్కుండా రెండో ట్యాంకరు మంజూరైంది. నేరుగా వాగుకు వచ్చి, పిట్టల గుంటను పెద్దది చేసి నింపి పోతోంది. పక్కనే బోర్డు పాతారు. తెల్లవారి ఆరు నుంచి పది వరకు, సాయంత్రం నాలుగు నుంచి ఏడు వరకు పక్షుల నీటివేళలు, మనుషులు రాకూడదు. వచ్చేవాళ్లను తోలడానికి అనుభవజ్ఞుడు కావాలి కదా, ఆ పని సంగన్నకే అప్పగించారు. ముప్పై ఏళ్ల అనుభవానికి ఇన్నాళ్లకు తగిన పని దొరికింది.

మొదటి ఉదయం ఎనిమిదింటికి ఇరవై మంది అతిథులు కెమెరాలు సర్దుకుని కూర్చున్నారు. మైసవ్వ ఇత్తడి బిందెతో వచ్చి బోర్డు దాటి నిలబడింది. వినాయక్‌రావు సంగన్న వైపు చూశారు. సంగన్న మట్టిగడ్డ తీసుకున్నాడు. చెయ్యి లేవలేదు.

మైసవ్వ గొంతు పెంచలేదు. "ముప్పై ఏండ్లు పిట్టలను కొట్టినవు, ఇయ్యాల నన్ను కొట్టు. నేనేం అనుకోను. గని కొట్టినంక దోసెడు నీళ్లు పొయ్యి. ఆనవాయితి ఉన్నది గద."

సంగన్న ఆమె మొహం చూడలేక తల తిప్పుకున్నాడు. తర్వాత గొంతు చించుకుని "హో... హోయ్" అని కేకేసి, గడ్డను గుంటలోకి విసిరాడు. వాగులో ఉన్న పిట్టలన్నీ ఒక్కసారి లేచిపోయాయి. మైసవ్వ తాపీగా గుంట దగ్గర కూర్చుని బిందె నింపుకుంది. ఆమె వెనక వాడ ఆడవాళ్లందరూ వరసలో నిలబడ్డారు.

అతిథులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎగిరే పక్షుల ప్రత్యక్ష ప్రదర్శన ఇంత దగ్గరగా ఎక్కడా చూడలేదన్నారు. వినాయక్‌రావు కూడా తేరుకుని, అది రోజూ ఎనిమిదింటికి ఉంటుందని అప్పటికప్పుడే సెలవిచ్చారు. సందర్శకుల పుస్తకంలో అన్నీ మెప్పులే, ఒక్క చిన్న ఫిర్యాదు తప్ప: బిందెల ఆడవాళ్లు ప్రతి ఫొటోకూ అడ్డం వచ్చారు.

అందుకని ఫొటోల్లో వాళ్లను కత్తిరించి, పిట్టలను ఉంచి లోకానికి పంపారు. మీకూ వచ్చే ఉంటుంది. నీలిరెక్కలు విప్పిన పాలపిట్ట, కింద అంచున దేనిదో తెలియని ఇత్తడి మెరుపు. పిట్ట బాగుందని మీరు కూడా ఒక నొక్కు నొక్కారు.