నలభై రెండు ఇళ్ల నడక

పైడితల్లి చేటలో బియ్యం చెరుగుతుండగా, ఆమె భర్త గవరయ్యను పదకొండో నంబరు ఇంటికి మారుస్తున్నట్టు గుమాస్తా జగ్గారావు కాగితం తెచ్చాడు. అలాంటి కాగితం రావడం ఇది మూడోసారి కాబట్టి ఆమె చేట కింద పెట్టలేదు.

రిజర్వాయరులో ఊరు మునిగినవాళ్ల కోసం కట్టిన ఆ కాలనీలో నలభై రెండు ఇళ్లు. ఎవరు ఎవరింటికి ఎన్నిసార్లు వెళ్తున్నారో కాలనీ ఆఫీసులో నెలనెలా రాసుకుని, ఆ రాకపోకలను దూరాలతో గుణించి, మొత్తం నడక అతి తక్కువయ్యేలా మనుషులను సర్దుతారు. లెక్క కష్టమైనది. అందుకని మూడు పద్ధతులను ఒకదాని తర్వాత ఒకటి పెట్టి పోల్చి చూస్తున్నారు. మొదటిది ఇద్దరిద్దరిని తారుమారు చేస్తూ పోయి, ఇక నడక తగ్గని చోట ఆగిపోతుంది. రెండోది మధ్యమధ్యన కావాలనే చెడ్డ మార్పు చేస్తుంది, దాని అవతల మంచిది దొరకవచ్చని. మూడోది పనికిరాని అమరికలను గుంపులుగా కొట్టేసుకుంటూ వస్తుంది. నిదానం, కానీ చివరికి మిగిలినదే అన్నిటికన్నా మంచిదని రుజువు చూపిస్తుంది. మంచాలు మోసుకుని ఇల్లు మారే నడక ఏ పద్ధతిలోనూ లెక్కకు రాదు.

మొదటి పద్ధతి గవరయ్యను చివరి వీధికి పంపినప్పుడు పైడితల్లి ఆఫీసుకు వెళ్లింది. జగ్గారావు పట్టిక చూపించాడు. ఆమెకూ గవరయ్యకూ మధ్య రాకపోకలు సున్నా.

"ఒకే ఇంట్లో ఉన్నోలం, ఎల్లడం రావడం ఏటుంటాది బాబూ?"

"అదేనమ్మా. మీకు సంబంధం లేదని తేలింది."

ఆ నెలంతా గవరయ్య ఎండలో రోజుకు తొమ్మిదిసార్లు ఆమె ఇంటికి నడిచాడు. గంజికి, చుట్టకు, కొన్నిసార్లు ఊరికే. మోకాళ్లు వాచాయి. రెండో పద్ధతి ఆ తొమ్మిదిని గుర్తించి అతన్ని ఇంటికి చేర్చింది. నెల రోజులు ఇద్దరూ ఎక్కడికీ నడవలేదు.

ఇప్పుడు మూడో పద్ధతి పని పూర్తయింది.

"ఇంతకంటే మంచి అమరిక ఇంకెక్కడా లేదని తేలిపోయిందమ్మా," అన్నాడు జగ్గారావు. "ఇక రాసుకోడాలు, మార్పులు ఉండవు."

"మరి ఆ తొమ్మిదిసార్లు?"

"అవి పోయిన నెలవి. ఈ నెల సున్నాయే కదా."

పైడితల్లి తవుడంటిన చేయి చీరకు తుడుచుకుని వేలిముద్ర వేసింది. పదకొండో నంబరు నుంచి ఆమె ఇంటికి కేటాయించిన మనిషి మంచం మోసుకుంటూ అప్పటికే మలుపు తిరిగాడు. ఆమె ఇద్దరికి సరిపడా బియ్యం కొలిచింది. గవరయ్య తన కంచం, తువ్వాలు చంకన పెట్టుకుని, గోడ పట్టుకుంటూ గడప దిగి వెళ్లిపోయాడు.