మేజోళ్ళ పరీక్ష

ఆదివారం పొద్దున్నే సోఫాల మేస్త్రీ పెట్టుకున్న పని ఒక్కటే. పది గంటలకల్లా రెండు కాళ్ళకీ మేజోళ్ళు తొడుక్కోవాలి. ఘనకార్యమేం కాదు గానీ, రెండేళ్ళుగా ఆయన వల్ల కాలేదు. నడుము వంగదు. భార్య ఉన్నన్నాళ్ళూ ఆవిడే తొడిగింది. ఎలా తొడుక్కోవాలో నేర్పకుండానే పోయింది. ఆ సంగతి ఆయన ఇంకా క్షమించలేదు.

"పది గంటలకి వస్తా నాన్నా. సాక్సులు మీ అంతట మీరు తొడుక్కుని ఉండాలి. లేదంటే ఈ ఇంటికి తాళం వేసి మా ఇంటికి వచ్చేయాలి" అని కొడుకు గడువు పెట్టాడు. కొడుకింట్లో అన్నీ ఆయన మంచికే చేస్తారు. అదే భయం.

అందుకే పై అంతస్తు టీచరమ్మ నడిపే వ్యాయామం క్లాసుకి ఒక రోజు వెళ్ళాడు. ఆవిడ అందరినీ చాపల మీద పడుకోబెట్టి కథ చెప్పింది. ఈ పద్ధతి కనిపెట్టినాయన చిన్నప్పుడు రోగిష్టివాడట. యుద్ధకాలంలో నిర్బంధంలో ఉండి, లేవలేని రోగుల మంచాలకి స్ప్రింగులు బిగించి పడుకున్నచోటే కసరత్తు చేయించాడట. శ్వాస మీద ధ్యాస ఉండాలి, బలమంతా పొట్టలో ఉండాలి, ప్రతి కదలికా మన అదుపులో ఉండాలి.

"తేలికపాటి స్ప్రింగుతో మొదలుపెట్టాలి బాబాయిగారూ" అంది టీచరమ్మ.

"నలభై ఏళ్ళు స్ప్రింగులతోనే బతికినవాణ్ణమ్మా." తాతకి దగ్గులు నేర్పినట్టుంది అనుకుని మర్నాటి నుంచి మానేశాడు.

ఆదివారం తలుపు గడియ పెట్టాడు. వాలుకుర్చీలకి వేసే స్ప్రింగులు, అందులోనూ భారీ మనుషుల్ని లేపే రకం, నాలుగు తెచ్చి మంచం తలకట్టుకి బిగించాడు. వాటి రెండో కొసలకి తోలు పట్టీలు కట్టి, కాళ్ళవైపు కొక్కేనికి లాగి తగిలించాడు. కొక్కెం వదిలితే స్ప్రింగులే పాదాల్ని చేతికందేదాకా లేపుతాయని ఆయన లెక్క. మేజోళ్ళు చొక్కా జేబులో పెట్టుకుని పడుకుని, పట్టీల్లో కాళ్ళు చీలమండల దాకా దూర్చి, మడమతో కొక్కెం తప్పించాడు.

ఊపిరి మీద ధ్యాస పెట్టే వ్యవధి లేకపోయింది. రెండు కాళ్ళూ తల మీదుగా ఎగిరి తలకట్టుని తాకాయి. మేస్త్రీ పరుపుచుట్టలా మడతపడ్డాడు. స్ప్రింగులు మంచి పనివాడు బిగించినవి. ఊడలేదు.

ఆ చప్పుడికి ఎదురింటి ఎలక్ట్రీషియన్ కిటికీలోంచి తొంగిచూశాడు.

"అయ్యో మేస్త్రీగారూ! ఎవరు కట్టేశారండీ?"

నిజం చెబితే వీధంతా నవ్వుతుంది. "దొంగలయ్యా. ఇద్దరు."

"ఏం పట్టుకెళ్ళారు?"

ఆ ఇంట్లో పట్టుకెళ్ళేదేముందో ఆయనకే తట్టలేదు. "ఇంకా చూసుకోలేదు."

ఎలక్ట్రీషియన్ ఫోన్ చేస్తే కొడుకూ కోడలూ పరుగున వచ్చారు. కేకలకి టీచరమ్మ మెట్లు దిగింది. కొడుకు భుజంతో తలుపు బద్దలుకొట్టాడు.

"గడియ లోపలే ఉందిగా మామయ్యా, దొంగలెలా బయటికి పోయారు?" అంది కోడలు. ఆవిడకి ఎప్పుడూ ఇలాంటి ప్రశ్నలే వస్తాయి.

టీచరమ్మ స్ప్రింగులు లెక్కపెట్టింది. "నాలుగూనా బాబాయిగారూ?"

మేస్త్రీ మొహం తిప్పుకోబోయాడు. ఎటు తిప్పినా తన పాదాలే. వాటిని అంత దగ్గరగా చూసి రెండేళ్ళయింది. జేబులో చెయ్యి పెట్టాడు. ఊపిరి వదిలాడు, పొట్ట బిగించాడు, ఒక మేజోడు పట్టీ దాకా లాగాడు. తరవాత రెండోది.

"తొడుక్కున్నానా లేదా?"

కొడుకు గడియారం చూశాడు. పదికి ఇంకా ఐదు నిమిషాలుంది. "తొడుక్కున్నారు నాన్నా."

"మాటంటే మాటే. ఇక్కడే ఉంటాను."

ఒంటరిగా బతకగలనని ఆయన అలా రుజువు చేసుకున్నాడు. మంచం మీంచి దించడానికి మాత్రం నలుగురు పట్టారు.