పెనుకొండ ఆఫీసులో కరెంటు పొదుపు

హిందూపురంలో రైలెక్కేటప్పుడే సూపరింటెండెంటు మంజులత ఉపాయం ఆలోచించి పెట్టుకుంది. ప్రభుత్వ భవనాల్లో కరెంటు పొదుపు చేయాలని కొత్తగా నిబంధనలు వచ్చాయి. ఎండ వెలుతురు చాలిన చోట లైటు వెలగకూడదు, మనిషి లేని గదిలో ఫ్యాను తిరగకూడదు. వాటి అమలు చూడటానికి ఆ మధ్యాహ్నం అనంతపురం నుంచి పెద్దాఫీసరు వస్తున్నాడు. ఆయన మెచ్చుకుంటే సొంతవూరు హిందూపురానికి బదిలీ అడగవచ్చు. రోజూ రైల్లో నిలబడి పెనుకొండకు వచ్చే బాధ తప్పుతుంది.

తను పనిచేసే రెవెన్యూ ఆఫీసు చేరగానే అటెండరు కుళ్ళాయప్పను పిలిచింది. "లైట్లు, ఫ్యాన్లు అన్నీ ఆపేయప్పా. బల్లలు వరండాలో ఏయించు. ఈ పొద్దు పనంతా ఆడనే."

కుళ్ళాయప్ప ఏ పనైనా చెప్పినదానికంటే ఎక్కువే చేస్తాడు. బల్లల వెంట బీరువాలూ బయటికొచ్చాయి. పెద్దాయన వస్తున్నాడు కదా, తుడుద్దామని గోడమీది ఆఫీసు బోర్డు కూడా ఊడదీశాడు.

పొలం కాగితం కోసం చెన్నేకొత్తపల్లి నుంచి వచ్చిన మారెప్ప అదంతా చూసి గేటు దగ్గరే ఆగిపోయాడు. "ఏమప్పా, సామానంతా యాడికి పోతాండాది?"

బీరువా మోసి నడుము పట్టేసిన గుమాస్తా రామచంద్రకు ఒళ్ళు మండింది. "ధర్మవరానికి! నువ్వూ వస్తావా?"

మారెప్ప ఆ మాటను భద్రంగా మోసుకెళ్ళి బస్టాండు దగ్గర వెంకటక్క టీ అంగట్లో దించాడు. వెంకటక్క పక్కనున్న ఎస్టీడీ బూతు నుంచి ధర్మవరంలో చీరలమ్మే తమ్ముడికి ఫోన్ చేసి, పెనుకొండ ఆఫీసు మీ ఊరికి వస్తోందంట, నిజమేనా అని అడిగింది. సంగతేమీ తెలియని ఆ తమ్ముడు సంబరపడిపోయాడు. "అట్లనా? మంచిదే కదక్కా, రానీ!"

అంతే, వార్త ఖరారైపోయింది. అంగళ్ళు మూతపడ్డాయి. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పడ్డాయి. జనం వచ్చి ఆఫీసు గేటు ముందు బైఠాయించారు.

"ఆఫీసు యాడికీ పోదు! కరెంటు పొదుపు చేస్తాండాం, అంతే!" మంజులత గొంతు చించుకుంది.

"బోర్డు కూడా పొదుపేనా మేడమ్?" వెంకటక్క నిలదీసింది. "పోదంటే లోపల లైట్లేసి చూపించు!"

ఒక గదిలో లైటు వేస్తే జనం నమ్మలేదు. అన్ని గదుల్లో వేయించింది. ఫ్యాన్లు తిరగాలన్నారు, తిప్పించింది. వరండాలో కూడా వెలగాలన్నారు. ఓపిక నశించిన మంజులత "ఏం కావాలన్నా ఏసెయ్ కుళ్ళాయప్పా!" అని అరిచింది. అతను ఆగస్టు పదిహేను పండగకు తెచ్చిన సీరియల్ లైట్లు వెతికి తీసి గోడ పొడుగునా కట్టాడు. అప్పటికి గానీ ఆఫీసు పోదన్న నమ్మకం జనానికి కుదరలేదు.

మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆఫీసు పెళ్ళివారిల్లులా మిలమిలలాడుతుండగా, రాళ్ళ దగ్గర జీపు ఆగిపోతే నడిచొచ్చిన పెద్దాఫీసరు చెమటలు తుడుచుకుంటూ గేటులో నిలబడ్డాడు.

"ఇదేనా అమ్మా మీరు చేసే పొదుపు?"

మంజులత నోరు తెరిచేలోగా వెంకటక్క అడ్డం వచ్చింది. "సార్, మా ఆఫీసు నిలబెట్టింది ఈయమ్మే! ఈ మేడమ్‌ను పెనుకొండ నుంచి యాడికీ పంపేది లేదు. మాటియ్యండి!"

"మాటియ్యల్ల!" జనం ఒక్కపెట్టున గర్జించారు.

ఆఫీసరు జనాన్ని చూశాడు, వెనక్కి తిరిగి రోడ్డుమీది రాళ్ళను చూశాడు. "సరే. ఆఫీసూ కదలదు, మేడమూ కదలదు."

చప్పట్లు మోగాయి. మంజులత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి ఆనందబాష్పాలనుకుని ఎవరో ఆమె మెడలో దండ వేశారు.

ఆ ఏడాది పెనుకొండ జనం ఐకమత్యంతో సాధించుకున్నది అదొక్కటే.