కూర్మమ్మ హోటల్‌కు వారసత్వ హోదా

తీర సంపద, వారసత్వ పరిరక్షణ మండలి చైర్మన్‌గారు, కేబినెట్ హోదాలో ఉన్నవారు, భావనపాడులోని కూర్మమ్మ చేపల హోటల్‌ను ‘సజీవ వారసత్వం’గా ప్రకటించారు. ఆ సంగతి కూర్మమ్మకు తెలియదు. పత్రికా విలేకరిని కనక నేనే వెళ్ళి చెప్పాను.

“బతికే ఉన్నాం గదా బాబూ, మళ్ళీ ఇదేటి?” అందావిడ.

ఆ హోటల్ పెట్టింది ఆవిడ అత్త మరిడమ్మ. చేప గుడ్డు పెట్టే వేసవి నెలల్లో పొయ్యి వెలిగించకూడదని, ఐసు చేపను గడప తొక్కనీయకూడదని ఆవిడ కట్టుబాటు. వేట నిషేధం ఆలోచన ప్రభుత్వానికి ఆ తర్వాతెప్పుడో వచ్చింది. చైర్మన్‌గారు ఈ కట్టుబాటుకే ముగ్ధులయ్యారు. సన్మానానికి 2017 మే నెలలో తీరిక చేసుకున్నారు. సభ తర్వాత కోనాం చేప పులుసుతో భోజనం అని కార్యక్రమంలో వేయించారు.

ఇందులో ఇబ్బంది కూర్మమ్మకు మాత్రమే కనిపించింది. దాన్ని తొలగించడానికి మండలి ప్రత్యేకాధికారి జగన్నాధంగారు జీపులో వచ్చారు.

“నిషేధం గదా బాబూ, పొయ్యి ఎలిగించం. మీరు సన్మానం సేస్తన్నదీ అందుకే గదా.”

“సన్మానం వేరు, భోజనం వేరు. ప్రోటోకాల్‌లో రెండూ ఉన్నాయి.”

“జూన్‌లో నిషేధం ఎత్తేసాక రండి. కడుపు నిండా పెడతాను.”

జగన్నాధంగారు హోటల్‌నీ, దాని వెనక సముద్రాన్నీ మార్చి మార్చి చూశారు. “ఇది నీళ్ళకు మరీ దగ్గరగా ఉందమ్మా. వారసత్వమైతే సరే. కాకపోతే ఆక్రమణ అవుతుంది.”

చట్టాన్ని ఇంత సున్నితంగా వివరించే అధికారిని నేను చూడలేదు. కూర్మమ్మ ఒప్పుకుంది. ఆ హోటల్ మీద ఆవిడ ఇల్లే కాదు, చేపలు కోసే ఆడవాళ్ళ ఇళ్ళూ గడుస్తున్నాయి.

ఇక చేప కావాలి. ఆవిడ కొడుకు ఎర్రన్నకు ఇంజిను పడవ ఉంది.

“కాయితం ఏటైనా ఇస్తారా సారూ? పట్టుకుంటే పడవ పోతాది,” అన్నాడు ఎర్రన్న.

“పట్టుకోవలసింది నేనే కదరా. ఇది పరిశోధన. కాయితం వెనకాల వస్తుంది,” అన్నారు జగన్నాధంగారు.

సభ దివ్యంగా జరిగింది. “నిషేధకాలంలో ఈ పొయ్యి ఏనాడూ వెలగలేదు” అని చైర్మన్‌గారు సన్మానపత్రం చదువుతూ ఆ పొయ్యి పొగకు రెండుసార్లు దగ్గారు. తర్వాత భోజనానికి కూర్చుని తలకాయ ముక్క అడిగి వేయించుకున్నారు.

“పులుసులో క్రమశిక్షణ తెలుస్తోంది. చేప ఎప్పటిది?”

“తెల్లారగట్లదే బాబూ.”

“అదీ వారసత్వమంటే,” అని, చెయ్యి కడుక్కుంటూ, నిషేధకాలంలో ఒక్క చేప చచ్చినా ఊరుకునేది లేదని అధికారులను హెచ్చరించారు.

నేను తీసిన ఫొటో మర్నాడు రంగుల్లో పడింది. మే నెలలో తాజా కోనాం ఎక్కడిదని ప్రతిపక్షం వారు వాట్సాప్‌లో అడిగారు. చైర్మన్‌గారు మాట తప్పే మనిషి కాదు. దోషులెవరైనా వదలొద్దని సాయంత్రానికల్లా ఆదేశించారు. జగన్నాధంగారు అదే జీపులో వచ్చి పడవను స్వాధీనం చేసుకున్నారు, హోటల్‌కు సీలు వేశారు. పంచనామాలో, చేపను తిన్నవారు గుర్తు తెలియని వ్యక్తులని రాయించారు.

“మీరూ మారు ఏయించుకున్నారు గదా బాబూ,” అంది కూర్మమ్మ.

“పరిశోధనలో భాగంగా,” అన్నారాయన.

జూన్‌లో నిషేధం ఎత్తేశారు. ఊళ్ళో పడవలన్నీ వేటకు వెళ్ళాయి. ఎర్రన్న మాత్రం ఎవరిదో బోటులో కూలికి గుజరాత్ వెరావల్ వెళ్ళిపోయాడు. చేపలు కోసే ఆడవాళ్ళు రొయ్యల ఫ్యాక్టరీలో చేరారు. చెప్పొద్దూ, ఆ మూసిన తలుపు చూసినప్పుడల్లా నాకు కష్టంగానే ఉండేది. చైర్మన్‌గారికి మాత్రం అందులో ఆదర్శం కనిపించింది. మరుసటి ఏడు, నిషేధాన్ని వేసవికే పరిమితం చేయకుండా ఏడాది పొడవునా పాటించిన ఏకైక హోటల్‌గా దానికి రాష్ట్రస్థాయి అవార్డు ప్రకటించారు.

జగన్నాధంగారు శాలువా పట్టుకుని వచ్చేసరికి కూర్మమ్మ రోడ్డు పక్కన ఎండుచేపలు అమ్ముతోంది. కప్పించుకుంది.

“శాలువా బాగున్నాది బాబూ. సీలు ఎప్పుడు తీస్తారు?”

“తీస్తే అవార్డు రద్దవుతుందమ్మా.”