అధ్యక్షులవారి మొలతాడు

“ఈ ఫిర్కాలోని ఏ ఊళ్లోనూ చుక్క సారాయి కూడా మిగలనివ్వను!” అని సూళగిరి మద్యనిషేధ సంఘం అధ్యక్షులు శ్రీరంగప్ప ఊరి నడుమ శపథం చేశారు. మాట తప్పే మనిషి కాదు. దొరికిన చుక్కనల్లా మిగల్చకుండా తానే ఖాళీ చేశారు! ఆ రోజుల్లో మన రాష్ట్రంలో తాగడం నేరం కాబట్టి, చట్టాన్ని గౌరవించి, ప్రతి శనివారమూ సరిహద్దు దాటి అవతలి రాష్ట్రానికి “ప్రచారానికి” వెళ్లేవారు. పదేళ్ల ప్రచారానికి ఆయన కాలేయం గట్టిపడింది.

హోసూరు డాక్టరు గురుమూర్తి ఆయన భార్య నంజమ్మను పిలిచాడు.

“సూదీ వద్దు, కోతా వద్దమ్మా. చుక్క ముట్టనీయొద్దు, ఉప్పు తగ్గించు. దినామూ పొద్దున్నే కడుపు కొలిచి చూడు. పెరిగితే లోపల నీరు చేరినట్టు. ఆ పొద్దే తీసుకొని రా. ఆలస్యమైతే మనిషి దక్కడు.”

“టేపు యాడ తెచ్చేది డాక్టరయ్యా? టైలరును అడిగితే ఊరంతా తెలిసిపోతాది. మొలతాడు ఉండాదే! బిగుసుకుంటే తెలీదా?”

డాక్టరు యావత్తు వైద్యశాస్త్రం తరఫున ఒప్పుకున్నాడు.

ఊళ్లో మాత్రం ఆ జబ్బు పేరు గ్యాసు. సంఘం అధ్యక్షుడికి తాగుబోతుల జబ్బు రావచ్చునా!

రోజూ పొద్దున నంజమ్మ మొలతాడు కింద రెండు వేళ్లు దూర్చి చూసేది. హాయిగా దూరేవి. “చూసినావా? నా కడుపు నా మాట వింటాది,” అనేవారు శ్రీరంగప్ప. ఆమెకు ఆయనంటే కోపమూ ఉంది, ఆయన లేకపోతే ఎలాగన్న భయమూ ఉంది. భయమే ఎక్కువ.

శుక్రవారం సంఘం మహాసభ. తెల్లవారగానే ముగ్గురు పెద్దలు రాలేమని కబురు పంపారు. కార్యదర్శి వెంకటరామప్పకు బేరిగైలో పెళ్లి, కోశాధికారి కేశవప్పకు కల్లావిలో ఎద్దుల బేరం, ఉపాధ్యక్షుడు రామకృష్ణప్పకు మొక్కుబడి.

“నేనొక్కడినే అయినా సభ జరిపిస్తా!” అంటూ శ్రీరంగప్ప జుబ్బా అందుకున్నారు. నంజమ్మ వేళ్లు ఎప్పటిలాగే దూరాయి. కానీ ముడి కింద జానెడు వేలాడవలసిన దారపు కొస గోరంత కూడా లేదు!

“కొస ఏమాయె?”

“అరిగిపోయింది.”

“అరిగితే సన్నమైతాది గానీ పొట్టిదెట్లయితాది? దినామూ నేను చూసే ముందు ముడిప్పి, కొసను చుట్టులోకి ఇచ్చి వదులు చేసుకుంటా ఉండారు!”

అధ్యక్షులవారు జుబ్బా కడుపు మీదికి లాక్కున్నారు. “సభ అయ్యేదాకా ఆగుదామనుకుంటినే. ఆసుపత్రిలో పండుకుంటే జనం ఏమనుకుంటారు?”

“చచ్చిపోతే ఏమనుకుంటారో అది ఆలోచించినారా?”

నంజమ్మ కళ్లు తుడుచుకుని, ఆయన చేయి పట్టుకుని బస్సెక్కించింది.

గురుమూర్తి పరీక్ష చేశాడు. “నీరు చేరింది. అయినా వేళకే తెచ్చినావమ్మా, మందులతో తగ్గిస్తాను. ఇంకో వారం ఆగింటే కష్టమయ్యేది.”

నంజమ్మ ఊపిరి పీల్చుకుని, మందుల చీటీతో ఆయన్ను బయటికి తీసుకొచ్చింది. బెంచీ మీద వరుసగా ముగ్గురు పెద్దమనుషులు, కడుపుల మీద తువ్వాళ్లు కప్పుకుని కూర్చున్నారు. పెళ్లీ, ఎద్దులూ, మొక్కుబడీ!

“మీరు ఈడ?” అన్నారు శ్రీరంగప్ప.

“గ్యాసన్నా,” అన్నాడు వెంకటరామప్ప. తక్కిన ఇద్దరూ బలపరిచారు.

నంజమ్మ భర్తను వాళ్ల పక్కనే కూర్చోబెట్టింది.

“ఇంక మొదలుపెట్టండప్పా! సంఘం పెట్టినాంక అందరూ కలిసి వచ్చిన సభ ఇదొక్కటే!”