రెండో రకం పెళ్లి

పలాసలో పెళ్లి వీడియోలు తీసే ఢిల్లేశ్వరరావు ఆ ఉదయం పెట్టుకున్న పని చిన్నదే. నిమ్మాడ నారాయణరావుగారి పెద్దమ్మాయి పెళ్లి వీడియోలోంచి మసకలు, మరకలు, వణుకులు ఏరేసి, సాయంత్రం వాళ్లింటి టీవీలో చూపించాలి. నచ్చితే చిన్నమ్మాయి పెళ్లి వీడియో కూడా తనదే. నచ్చకపోతే అది టెక్కలి స్టూడియో పాలు, తను వీధి పాలు.

ఆరు గంటల వీడియోని ఎవరు ఏరుతారు? కొత్త సాఫ్ట్‌వేర్ ఏరుతుంది. కాకపోతే బాగున్నదేదో, బాగోలేనిదేదో ముందుగా ఫొటోలు చూపించి దానికి నేర్పాలి. ఆ పని బావమరిది కామేశ్‌కి అప్పగించి ఢిల్లేశ్వరరావు టిఫినుకు వెళ్లాడు. కామేశ్ జీడిపప్పు ఫ్యాక్టరీలో పప్పు ఏరే మిషన్ దగ్గర పని చేస్తాడు. మంచివీ చెడ్డవీ అతని ఫోన్లో వేల ఫొటోలున్నాయి. అన్నీ జీడిపప్పువే.

మధ్యాహ్నానికి ఆరు గంటల పెళ్లి పదకొండు నిమిషాలైంది.

"ఏట్రా ఇది? పెళ్లికూతురేదీ?"

"బుగ్గ మీద దిష్టి సుక్క ఉంది కదా బావా. మచ్చ పప్పని తీసేసింది."

"తాళి కట్టిందేదీ?"

"పసుపు తాడు. పసుపు తిరిగిన పప్పు ఫ్యాక్టరీలో మేం ఉంచం."

"తలంబ్రాలో?"

"ముక్కలు."

"ఆళ్ల మామ్మ?"

కామేశ్ తల దించుకున్నాడు. "ముడతలు."

తెల్లగా, గుండ్రంగా, నున్నగా ఉన్నవే మిగిలాయి. అవి రెండే. విడిదింట్లో ఇడ్లీలు, నారాయణరావుగారి గుండు.

మళ్లీ మొదటినుంచి నేర్పుదామనేలోగా షాపు ముందు కారాగింది. ఊళ్లో పనిమీద వచ్చి, భార్య పార్వతమ్మతో సహా దిగిన ఆ గుండు చూసి ఢిల్లేశ్వరరావు గుండె జారింది. మర్యాద తెలిసిన కామేశ్ కుర్చీలు వేసి, వీడియో కూడా వేసేశాడు.

"ఇది ఉత్త ట్రైలరండి" అన్నాడు ఢిల్లేశ్వరరావు.

పదకొండు నిమిషాలూ తెర మీద ఇడ్లీలు, గుండు కింద నారాయణరావుగారి మొహం.

"పెళ్లేదండీ?" అంది పార్వతమ్మ.

"నువ్వుండు" అన్నాడు నారాయణరావు, కండువాతో కళ్లు ఒత్తుకుంటూ. "ఎన్ని పెళ్లి వీడియోలు సూసినాం? పెళ్లికూతుర్ని కన్న బాబు మొకం ఎవడైనా సూపించినాడా? వడ్డనకాడ ఈపు సూపిత్తారు, అంతే. ఢిల్లేశూ, చిన్నదాని పెళ్లీ నువ్వే తియ్యి. ఈ మిషనే తే."

"నాకు నా పిల్ల కావాల" అంది పార్వతమ్మ.

మర్నాడే కామేశ్, మిషన్ ఏరి పారేసిన పెళ్లంతా ఇంకో పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి, ఏరేసిన పప్పు సంచులకి చేసే ఫ్యాక్టరీ అలవాటు కొద్దీ పైన 'రెండో రకం' అని చీటీ అంటించి పెళ్లికూతురికి పంపించాడు.